రైఫిల్‌కు నగలు చేయించే ముందు



పోయిన ఆదివారం కార్యవర్గ సమావేశంలో నేను మాట్లాడడానికి లేస్తే టైమైపోయిందన్నారు. తర్వాత కాఫీ వచ్చింది, ఆ తర్వాత ఎవరి బండి వాళ్లు తీశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. నా చదువంతా జోలార్‌పేటలో అరవ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో నాన్న దగ్గర మొదలుపెట్టి, బెంగుళూరు బండిలో పోతూ వస్తూ కుప్పం స్టేషన్ బోర్డు చూసి గట్టి చేసుకున్నవాణ్ణి. ఒత్తులు అటూ ఇటూ అయితే సర్దుకోండి. లెక్కలు మాత్రం తప్పవు. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో టికెట్ల డబ్బు లెక్కపెట్టాను.

విషయం మీకు తెలిసిందే. మన క్రీడా నిధిలో ఈ ఏడు 1,80,000 రూపాయలున్నాయి. మన పిల్లలు ఆరుగురు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నారు. వాళ్లలో ఐదుగురికి సొంత రైఫిళ్లున్నాయి. ఆ ఐదు రైఫిళ్లకూ విదేశీ విడిభాగాలు కొనిపెట్టాలని తీర్మానం. భుజానికి ఆనే బట్‌ప్లేటు, చెంప ఆనించే చీక్‌పీసు, ఎడమచేతి మీద కూర్చునే రైజరు, అన్నీ కలిపి తలా 36,000. ఐదు ముప్పై ఆర్లు నూట ఎనభై. నిధి ఖాళీ. ఆరో అబ్బాయి అకాడమీ రైఫిల్‌తో నేర్చుకుంటున్నాడు, పరాయి రైఫిల్‌కు మనం ఏదీ బిగించలేం, కాబట్టి వాడికి సున్నా. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. మన సభ్యుడే, చందా ఒక్క నెల కూడా బాకీ పెట్టలేదు. ఆ రోజు వెనక వరుసలో కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

నేను ఈ తీర్మానానికి వ్యతిరేకం. రైఫిల్‌తో పాటు వచ్చిన భాగాలను అమర్చుకోవడమే ఇంకా చేతకాని పిల్లలకు బయటినుంచి భాగాలు కొనిపెట్టడం దండగ. డబ్బు దండగ అయితే పోనీ అనుకోవచ్చు, ఆటకు కూడా చేటు. రెండు సందర్భాల్లో మాత్రం కొనాల్సిందే, అవీ చెబుతాను.

ఇదంతా ఎక్కడో చదివి చెబుతున్నది కాదు. నేనే ఆ గోతిలో పడ్డాను. మా మనవరాలికి పదమూడేళ్లప్పుడు, రెండేళ్ల కిందట, 60 షాట్ల మ్యాచ్‌లో 592 దగ్గర తచ్చాడుతుండేది. 654కి 592 అంటే మొదటి ఏడాది పిల్లకు చెడ్డదేం కాదు. కానీ పక్క లేన్‌లో కొట్టే అమ్మాయి రైఫిల్‌కు నీలం, ఎరుపు మెటల్ ముక్కలు మెరుస్తుంటే మాకు మనసు నిలవలేదు. మాకు అని ఎందుకంటున్నానంటే, మనవరాలు అడగలేదు. అడిగింది నేనే. ఒక అమ్మకందారు రేంజ్‌కే వచ్చి, పెళ్లిచూపుల్లో నగలు పరిచినట్టు బల్లమీద గుడ్డ వేసి పరిచాడు. "అంకుల్, ఇది వేస్తే పది పాయింట్లు గ్యారంటీ" అన్నాడు. రిటైర్మెంట్ డబ్బులోంచి బట్‌ప్లేటుకు 27,500, చీక్‌పీసుకు 14,000 ఇచ్చి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ రేటు వినకుండా టీవీ సౌండు పెంచాను.

మూడు వారాలకు స్కోరు 581. అలవాటు పడాలి, టైమివ్వాలి అన్నారు. ఇచ్చాం. ఆ బట్‌ప్లేటుకు పైకీ కిందికీ, లోపలికీ బయటికీ, వంపు తిప్పడానికీ, మళ్లీ ఆ వంపులో ఇంకో వంపుకూ స్క్రూలు. పిల్ల రోజూ ఏదో ఒక స్క్రూ తిప్పేది. నిన్న బాగా పడినవి దేనివల్ల పడ్డాయో, ఇవాళ చెడినవి దేనివల్ల చెడాయో ఎవరికీ తెలియదు. తర్వాత ఒక పోటీకి వెళ్తే, మ్యాచ్‌కు ముందు పరికరాలు కొలిచే బల్ల దగ్గర బట్‌ప్లేటు కింది అంచు హద్దు దాటిందన్నారు. రూలు రూలే, వాళ్ల తప్పు లేదు. అరగంటలో పైకి జరిపి బిగించుకుని వెళ్లింది. రైఫిల్ కొత్తదైపోయినట్టే కదా. ఆ రోజు స్కోరు చెప్పను. తిరుగు ప్రయాణంలో కిటికీ వైపు తిరిగి కూర్చున్న పిల్ల మెజెస్టిక్ వచ్చేదాకా ఇటు తిరగలేదు.

తర్వాత ఒక పాత మిలిటరీ కోచ్ చూశారు. పేరు రాయొద్దన్నారు, రాయను. కొత్త ముక్కలు రెండూ ఊడదీయించి, రైఫిల్‌తో వచ్చిన పాతవి పెట్టించారు. "కళ్లు మూసుకుని రైఫిల్ ఎత్తమ్మా, హాయిగా అనిపించే చోట ఆపు" అన్నారు. ఆపింది. ఇప్పుడు కళ్లు తెరవమన్నారు. తెరిస్తే సైటు టార్గెట్‌కు బాగా కింద ఉంది. ఆయన నాలుగు రూపాయల అలెన్ కీతో పాత చీక్‌పీసు 8 మిల్లీమీటర్లు ఎత్తారు, బట్‌ప్లేటు రెండు గీతలు పైకి జరిపారు, కాళ్ల వెడల్పు కాస్త తగ్గించారు. మళ్లీ కళ్లు మూసి తెరిస్తే సైటు వచ్చి నల్లటి వృత్తం మీద కూర్చుంది. నలభై ఒక్క వేల ఐదు వందలు ఖర్చు పెట్టి నేను చేయలేని పని అది.

ఎందుకలా అయిందో కాస్త విడమరిచి చెప్పనివ్వండి, ఎందుకంటే తీర్మానం పెట్టినవాళ్లలో ఒకరిద్దరు రేంజ్ మెట్లు కూడా ఎక్కలేదు. 10 మీటర్ల టార్గెట్ మీద నడుమనున్న పది చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు. పెల్లెట్ వ్యాసం 4.5. గుండు చుక్కకన్నా తొమ్మిది రెట్లు లావు. ఒక్కో రింగుకూ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు, అంటే పావు మిల్లీమీటరు జరిగితే 0.1 పోయినట్టు. 60 షాట్లు, 75 నిమిషాలు. నిలబడే కొట్టాలి, భుజానికి పట్టీ ఉండదు. రైఫిల్ అయిదున్నర కిలోలకు మించకూడదు, అయినా మన పిల్లల ఒంటికి ఆ బరువు తక్కువేం కాదు. దాన్ని మోసేది కండ అనుకుంటాం. కండ మోస్తే పది నిమిషాల్లో వణుకుతుంది. ఎముక మోయాలి. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద కూర్చోవాలి, అక్కడినుంచి బరువు కాళ్లలోకి దిగిపోవాలి. తల నిటారుగా ఉండాలి. తల వాల్చినకొద్దీ మెడ బిగుస్తుంది, చెవి లోపల ఉండే సమతూకం చెదురుతుంది. చెంప ఒత్తిడి అరవైసార్లూ ఒకేలా ఉండాలి, కన్ను ఆ చిన్న రంధ్రం వెనక అదే చోటికి రావాలి.

కాబట్టి అమరిక ముఖ్యం కాదని నేను అనడం లేదు. ప్రాణమంతా అందులోనే ఉంది. కానీ అమరిక అనేది పిల్ల ఒంటికీ రైఫిల్‌కీ మధ్య కుదరాల్సిన కొలత. ముందు నిలబడే తీరు కుదరాలి, తర్వాత ఆ తీరుకు రైఫిల్ సర్దాలి, అప్పటికీ ఫలానా భాగం ఫలానా వైపు ఇంక జరగదు అని తేలితే అప్పుడు కొత్త భాగం. మనవాళ్లు చివరినుంచి మొదలుపెడుతున్నారు. ఆ ఐదు రైఫిళ్లూ నేను చూశాను. ఐదింటికీ చీక్‌పీసు పైకీ కిందికీ జరుగుతుంది, బట్‌ప్లేటు జరుగుతుంది, పొడుగు మారుతుంది. అంటే సర్దుకునే వసతి రైఫిల్ ధరలోనే ఒకసారి కొనేశాం. ఐదుగురిలో ఎంతమంది దగ్గర తమ కొలతలు రాసుకున్న నోటుపుస్తకం ఉందో అడిగాను. ఒక్కరి దగ్గర ఉంది. అందులోనూ ఆఖరి తేదీ పోయిన దీపావళిది.

నా ఉద్యోగం కొత్తలో ఒక చిన్న స్టేషన్‌లో బుకింగ్ కౌంటర్లో వేశారు. అట్ట టికెట్లు, తేదీ గుద్దే మిషన్, రోజంతా కుడిచేత్తో టకటకా. ఆరు నెలలకు కుడి భుజం లేవలేదు. కుర్చీ బాగోలేదని సొంత డబ్బుతో స్ప్రింగు కుషన్ కొన్నాను. నొప్పి ఇంకా ఎక్కువైంది. ఒక ముసలి హెడ్ క్లర్కు, కడపాయన, చూసి నవ్వాడు. "ఒరే నాయనా, నీ కాళ్లు గాల్లో వేలాడుతుండాయి, భుజం ఏం చేస్తాది?" అన్నాడు. పార్సిల్ ఆఫీసులో విరిగిన పెట్టె చెక్క ఒకటి తెచ్చి కాళ్ల కింద వేశాడు. పది రోజుల్లో భుజం దారికొచ్చింది. ఆ చెక్క నేను బదిలీ అయ్యేదాకా అక్కడే ఉంది. నా తర్వాత వచ్చినతను నాకన్నా పొడుగు, తీసి పారేసే ఉంటాడు. అతని కాళ్లకు అది అడ్డమే కదా.

పెరిగే పిల్లల సంగతీ అంతే. మా మనవరాలు పద్నాలుగు నెలల్లో 9 సెంటీమీటర్లు పెరిగింది. షూటింగ్ జాకెట్ మార్చాం, బూట్లు మార్చాం. ఇవాళ్టి ఒంటికి కొన్న రైజరు వచ్చే సంక్రాంతికి ఎత్తు తప్పుతుంది.

ఇక ఎదుటివాళ్ల వాదనలు. ఒకాయన నన్ను చూసి "ఆడలేక మద్దెల ఓడు" సామెత మీరే చెప్పాలి సార్ అన్నారు, నా పక్షాన మాట్లాడుతున్నాననుకుని. అది నా వాదన కాదు. ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. అప్పుడు మార్చాలి. కానీ వాయించి చూడకుండా ఓడో కాదో ఎలా తెలుస్తుందనేదే నా ప్రశ్న.

రెండోది అభినవ్ బింద్రా పేరు. ఆయన పరికరాల విషయంలో ఎంత పట్టుదల మనిషో అందరూ చెబుతారు, నిజమే. కానీ ఏ స్థాయిలో? 2006లో ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి. ఆ మెట్టు మీద 0.1 కోసం ఎంత వెతికినా అర్థముంది. మన పిల్లలు ఇంకా ఎనిమిదులు, తొమ్మిదుల మధ్య తిరుగుతున్నారు. పైగా 2008 బీజింగ్ ఫైనల్ గుర్తు తెచ్చుకోండి. ఫైనల్‌కు ముందు సరిచూసుకునే షాట్ నాలుగులో పడిందని, సైటు ఎవరో కదిపినట్టుందని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ నిమిషంలో ఏ విడిభాగం ఆదుకుంది? తన రైఫిల్ సైటు ఎన్ని క్లిక్కులు తిప్పితే ఎంత జరుగుతుందో వేళ్లకు తెలిసి ఉండడం ఆదుకుంది. సరిచేసుకున్నారు, ఆఖరి షాట్ 10.8, మొత్తం 700.5, స్వర్ణం. మన ఐదుగురిని అడగండి, సైటు ఒక క్లిక్కు తిప్పితే టార్గెట్ మీద ఎంత జరుగుతుందో. నేను అడిగాను. ఇక్కడ రాసి పిల్లల పరువు తీయను.

మూడోది గగన్ నారంగ్. హైదరాబాదులో పెరిగినవాడు, మనవాడనే అనుకుంటాం. వాళ్ల అమ్మానాన్నలు ఆస్తి అమ్మి రైఫిల్ కొనిపెట్టారు, మనం 36,000కి వెనకాడాలా అన్నారు ఒక పెద్దాయన, కంఠం కూడా వణికింది. అయ్యా, వాళ్లు అమ్మింది రైఫిల్ కోసం. మంచి రైఫిల్ లేక ఆగిపోతున్న కొడుక్కి రైఫిల్ కొన్నారు. 2012 లండన్‌లో కాంస్యం తెచ్చాడు. మంచి రైఫిల్ ఉన్న పిల్లకు దానిమీద ఇంకో ముక్క కొనడానికి ఆ త్యాగాన్ని సాక్ష్యం పిలవొద్దు. నిజానికి మనలో ఆ కథకు దగ్గరగా ఉన్నది ఒక్కడే, ఆ ఆరో అబ్బాయి. తీర్మానంలో వాడి పేరే లేదు.

నాలుగోది నాకు ఇష్టమైనది, స్వప్నిల్ కుసాలే. 2024 పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం, 451.4. అప్పటికి సెంట్రల్ రైల్వేలో టికెట్ కలెక్టర్. ఆ రోజు మా పెన్షనర్ల గుంపంతా మా సొంత పిల్లాడే గెలిచినట్టు స్వీట్లు పంచుకున్నాం. ఆయన రైఫిల్ ఫొటో చూపించి "చూడండి సార్ ఎన్ని ముక్కలున్నాయో" అన్నారు. ఉంటాయండీ. ఆ పోటీలో మోకాలి మీద కూర్చుని, బోర్లా పడుకుని, నిలబడి, మూడు రకాలుగా కొట్టాలి. బోర్లా పడుకున్నప్పుడు చెంప ఉండే చోటు నిలబడ్డప్పుడు ఉండదు. భుజం అక్కడ ఉండదు. మధ్యలో బట్‌ప్లేటు, చీక్‌పీసు గబగబా మార్చి ముందు అనుకున్న గీత మీదే మళ్లీ పెట్టగలగాలి. అక్కడ మంచి విడిభాగం అవసరం, ప్రతి పైసాకూ విలువుంది. మన పిల్లలు కొట్టేది ఒకే భంగిమ. ఒకసారి సర్ది, గీత గీసి, మార్కర్‌తో చుక్క పెట్టి, ఆరు వారాలు ముట్టుకోకుండా ఉండాలి వాళ్లు.

ఇప్పుడు నా రెండు మినహాయింపులు. కొన్ని క్లబ్బుల్లో పాత చెక్క స్టాకు రైఫిళ్లు ఇంకా ఉన్నాయి, చెంప ఆనే చోటు కదలదు. పిల్ల ముఖం సన్నం, మెడ పొడుగు అయితే కన్ను సైటుకు అందదు. మెడ చాచి అందుకుంటుంది. అక్కడ ఎత్తు పెంచే చీక్‌పీసు కొనాల్సిందే, వాయిదా వేయకూడదు. అలాగే చేయి మరీ పొట్టిగా ఉండి, బట్‌ప్లేటు చివరిదాకా లోపలికి నెట్టినా స్టాకు పొడుగైపోతే, పొట్టి భాగం వేయించాలి. రెండోది కళ్లజోడు పిల్లలు. వెనక సైటులో పవర్ లెన్సు ఒకటి బిగించుకోవడానికి రూల్సు ఒప్పుకుంటాయి. మామూలు కళ్లజోడులో తల వంచినప్పుడు లెన్సు మధ్యలోంచి కాకుండా అంచులోంచి చూస్తారు, టార్గెట్ మసకబారుతుంది. మన ఐదుగురిలో ఒకమ్మాయికి ఇది నిజంగా కావాలి. తమాషా ఏంటంటే 36,000 జాబితాలో అదొక్కటే లేదు. మెరవదు కదా, ఎవరికీ గుర్తురాలేదు.

ఆ అమ్మాయి లెన్సు డబ్బు నేను ఇస్తాను. ఇది గొప్పకు రాయడం లేదు, నిధి లెక్కలో అది కలిపితే నా కింది లెక్క చెడుతుంది, అందుకు.

లెక్క ఇదిగో. పోయిన నెల మ్యాచ్ పెల్లెట్ల డబ్బా 1,250కి కొన్నాను. డబ్బాలో 500. ఒక పిల్ల నెలకు రెండు డబ్బాలు కొట్టగలిగితే వెయ్యి షాట్లు, రోజుకు సుమారు ముప్పై మూడు. ఇప్పుడు మన పిల్లలు అంతలో సగం కూడా కొట్టడం లేదు, కారణం పెల్లెట్ల ఖర్చే. ఏడాదికి ఇరవై నాలుగు డబ్బాలు, 30,000. ఆరుగురికి 1,80,000. పైసా తేడా లేదు, కావాలంటే కోశాధికారి గారు క్యాల్కులేటర్ తీసుకోవచ్చు. అదే డబ్బు. ఒకవైపు ఐదుగురికి మెటల్ ముక్కలు. ఇంకోవైపు ఆరుగురికి ఏడాది పొడుగునా సాధన, ఒక్కొక్కరికి 12,000 షాట్లు. పెల్లెట్‌కు సొంత రైఫిల్, అద్దె రైఫిల్ తేడా తెలియదు.

విడిభాగాల డబ్బు ఇంట్లోనే పెట్టుకోగల తల్లిదండ్రులు పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. వాళ్ల డబ్బు, వాళ్ల ముచ్చట. సంఘం డబ్బు మీదే నా గొడవ. అందులో ఆటో నడిపి కట్టిన చందా కూడా ఉంది.

నాతో విభేదించేవాళ్లకు ఒక పరీక్ష. నేను కొన్న బట్‌ప్లేటు, చీక్‌పీసు రెండూ డబ్బాతో సహా మా బీరువాలో ఉన్నాయి. ఎవరికి కావాలన్నా ఇస్తాను, ఊరికే. షరతు ఒకటే. ముందు నాలుగు వారాలు ఉన్న భాగాలతోనే సర్దుకుని, కొలతలు రాసి, వారానికి రెండు 60 షాట్ల మ్యాచ్‌లు కొట్టి స్కోర్లు రాయాలి. తర్వాత నాలుగు వారాలు నా ముక్కలతో కొట్టి అవీ రాయాలి. రెండు కాగితాలూ ఇక్కడే పెడదాం. స్కోరు నిజంగా పెరిగితే, పై సమావేశంలో నేనే లేచి ఆ తీర్మానాన్ని బలపరుస్తాను, కాఫీ వచ్చేలోపే.

ఆదివారం పదిన్నరకు సమావేశం. నా సవరణ తీర్మానం కాగితం మీద రాసి కార్యదర్శి గారికి గురువారమే ఇచ్చాను, అందినట్టు సంతకం కూడా తీసుకున్నాను, పాత అలవాటు. పిల్లలు ఆరుగురినీ తీసుకురండి. సొంత రైఫిళ్లున్నవాళ్లు అవీ తేవచ్చు, పెల్లెట్లు మాత్రం ఇంట్లోనే పెట్టి రండి. నోటుపుస్తకాలు ఆరు కొన్నాను. అలెన్ కీల సెట్టు నా సంచిలో ఉంటుంది.